కట్ దాటితేనే కూలి గిట్టేది

మన ఇళ్ళలో ఆటల మాట వస్తే వినిపించే పేర్లు రెండు మూడే. పెద్దవారుంటే రహీం సాబ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు ఫుట్‌బాల్ జట్టు గురించి చెబుతారు. నడివయసువారైతే అజహరుద్దీన్ మణికట్టు గురించి, ఆడపిల్లలైతే సానియా మీర్జా గురించి చెబుతారు. గోల్ఫ్ ప్రస్తావన రాదు. వచ్చినా, "అది దొరల ఆట, మనకెందుకు?" అన్న ఒక్క మాటతో ముగిసిపోతుంది.

ఆ మాట పూర్తిగా తప్పని మేము అనలేం. ఈ ఆటను మన దేశానికి తెచ్చింది దొరలే. రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్ 1829లోనే పుట్టింది. నేటికీ పెద్ద ఊళ్ళలోని గోల్ఫ్ క్లబ్బుల్లో సభ్యత్వం దొరకాలంటే డబ్బుండాలి, లేదా పెద్ద ఉద్యోగముండాలి. అయితే ఆ క్లబ్బు గేటులోంచి సభ్యులతో పాటు మరొకడు కూడా రోజూ లోపలికి వెళుతుంటాడు. వాడే కేడీ. సభ్యుల కర్రల సంచీ భుజాన వేసుకుని నడవడం, బంతి ఎక్కడ పడిందో వెతికి చూపడం, గాలి ఎటు వీస్తోందో చెప్పడం అతని పని. అలా రోజూ పెద్దల ఆట చూసి చూసి, క్లబ్బు సెలవు నాడో, సభ్యులు వెళ్ళిపోయాకో ఒక పాత కర్ర పట్టుకుని తానూ కొట్టి చూస్తాడు. మన దేశంలో గోల్ఫ్‌ను వృత్తిగా చేసుకున్నవారిలో ఎంతోమంది ఈ దారినే వచ్చారు.

వారిలో ముందుగా చెప్పుకోవలసిన పేరు అలీ షేర్. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బు నిజాముద్దీన్ దర్గాకు పెద్ద దూరమేమీ కాదు. పాత గోరీలు, గుమ్మటాల నడుమ సాగే మైదానమది. అక్కడ కేడీగా పనిచేసిన అలీ షేర్ 1991లో అదే మైదానంలో ఇండియన్ ఓపెన్ గెలిచారు. 1964లో మొదలైన ఆ పోటీని అంతకు ముందు గెలిచిన భారతీయుడు ఒక్కరే. ఆయన 1965లో గెలిచిన పి.జి.సేఠీ. సేఠీ అమెచ్యూర్, అంటే ఆట మీద బతికే మనిషి కాదు. ఆట మీదే బతికే భారతీయుడొకడు ఆ కప్పు అందుకోవడం అలీ షేర్‌తోనే మొదలు. 1993లో మళ్ళీ ఆయనే గెలిచారు. అర్జున అవార్డు కూడా అందుకున్నారు.

కథగా చెప్పుకుంటే ఇది ఎంతో బాగుంటుంది. కానీ అలాంటి కుర్రవాడు మన ఇంట్లోనే ఉండి, "అబ్బా, నేను ప్రొఫెషనల్ అవుతాను, పేరు కట్టడానికి డబ్బివ్వండి" అని అడిగితే? అప్పుడు తండ్రికి కావలసింది అలీ షేర్ కథ కాదు, లెక్క. ఈ వారం ఆ లెక్కే చూద్దాం.

స్కూలు కాని స్కూలు

గోల్ఫ్ ఆటగాడికి నెల జీతం లేదు. క్రికెట్‌లో లాగా జట్టులో చోటు దొరికితే చాలు, ఆడినా ఆడకపోయినా ఫీజు వస్తుందన్న భరోసా లేదు. వారం వారం ఒక్కో ఊళ్ళో పోటీలు జరుగుతాయి. ఆ పోటీల వరుసనే టూర్ అంటారు. లోకంలో అన్నిటికంటే పైన అమెరికా, యూరప్ టూర్లున్నాయి. వాటి కింద ఆసియా టూర్ ఉంది. దానికి మెట్టులాగా 2010లో ఆసియా డెవలప్‌మెంట్ టూర్ వచ్చింది. మన దేశంలో పోటీలు నడిపేది ప్రొఫెషనల్ గోల్ఫ్ టూర్ ఆఫ్ ఇండియా. పొట్టిగా పి.జి.టి.ఐ. అంటారు. 2006లో ఏర్పడిన ఈ సంస్థకు 2024లో మన కపిల్ దేవ్ అధ్యక్షులయ్యారు. టీవీలో మనం చూసేది పై మెట్టును. కొత్త కుర్రవాడు బతకవలసింది మాత్రం ఈ కింది మెట్ల మీదే.

ఇందులో అడుగు పెట్టాలంటే క్వాలిఫయింగ్ స్కూల్ దాటాలి. పేరుకు స్కూలే గానీ అక్కడ పాఠాలు చెప్పే మాస్టారెవరూ ఉండరు. రుసుము కట్టి ఆడే పరీక్ష అది. ముందు వడపోత పోటీలుంటాయి. వాటిలో నెగ్గినవారు చివరి దశలో రోజుకు 18 హోల్స్ చొప్పున నాలుగు రోజులు, మొత్తం 72 హోల్స్ ఆడతారు. అందరికంటే తక్కువ దెబ్బల్లో ముగించినవాడు పైన ఉంటాడు. పై వరుసలోని కొద్దిమందికే ఆ ఏడాదికి కార్డు దొరుకుతుంది. మిగతావారు మరుసటి ఏడాది మళ్ళీ రుసుము కట్టుకోవలసిందే. కార్డు దొరికినవాడికి కూడా అది శాశ్వతం కాదు. ఏడాది చివర సంపాదన పట్టికలో పేరు బాగా కిందికి జారితే మళ్ళీ స్కూలుకే పోవాలి.

కార్డు దొరికిందనుకుందాం. ఇంట్లో మిఠాయిలు పంచుతారు. అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. ఒక్కో పోటీలో 120 మందికి పైగా ఆడతారు. రెండు రోజుల ఆట ముగిశాక గీత గీస్తారు. దానినే కట్ అంటారు. ఆ గీతకు పైన మిగిలేది సుమారు 50 మంది. బహుమతి సొమ్ము వారికే. గీత కింద ఉన్నవారికి పైసా రాదు. కూలికి వెళ్ళినవాడికి సాయంత్రానికి ఎంతో కొంత చేతిలో పడుతుంది. ఇక్కడ రెండు రోజులు ఎండలో పనిచేసి, ఎదురు ఖర్చు పెట్టుకుని, రైలెక్కి ఇంటికి రావలసి ఉంటుంది. ఆ గీత దగ్గర ఒక్క దెబ్బ తేడాతో ఆగిపోయేవారు ప్రతి వారమూ ఉంటారు.

ఇక సొమ్ము సంగతి. పి.జి.టి.ఐ.లో కోటి రూపాయల పోటీ అంటే విజేతకు అందేది 15 లక్షలు. పేపర్లో ఆ అంకె చూసి కళ్ళు చెదురుతాయి. మిగిలిన 85 లక్షలు సమానంగా పంచరు. మెట్లు దిగుతున్న కొద్దీ వాటా గబగబా తగ్గిపోతుంది. చివరి వరుసలో కట్ దాటినవాడు ప్రవేశ రుసుము, రైలు చార్జీ, గది అద్దె, కేడీ కూలి, తిండి ఖర్చు తీసేసి చూసుకుంటే ఆ వారం లాభమో నష్టమో వేళ్ళ మీద లెక్కపెట్టుకోవలసిందే. కోటి రూపాయల పోటీలన్నీ కొత్తవాడికి దొరకవు కూడా. కార్డు లేనివారి కోసం నడిపే ఫీడర్ పోటీల్లో మొత్తం సొమ్ము ఇందులో చిన్న వంతే.

కేడీ కూలి అన్నాం కదా, ఇందులో ఒక విచిత్రం ఉంది. నిన్నటిదాకా ఒకరి సంచీ మోసి కూలి తీసుకున్న కుర్రవాడు, ఈ రోజు తన సంచీ మోయడానికి మరొక కుర్రవాడికి కూలి ఇవ్వాలి. కట్ దాటినా, దాటకపోయినా ఆ కూలి ఇవ్వాల్సిందే. ఆ వారం మైదానంలో అందరికంటే ముందుగా సంపాదించేవాడు కేడీయే!

సంచీలో 14 కర్రల వరకు పెట్టుకోవచ్చు. మంచి కర్రలు విదేశాల నుంచే వస్తాయి. పాతవాటితో పనిచేసేవారున్నారు, సభ్యుల దయతో తెచ్చుకునేవారున్నారు. బంతులు, బూట్లు, చేతి తొడుగు ఎప్పటికప్పుడు అరిగిపోయేవే.

కుర్మిటోలా కుర్రవాడు

ఈ కింది మెట్ల మీద నడిచి పైకి వచ్చినవారిలో మాకు ఎంతో నచ్చిన మనిషి మన దేశస్థుడు కాదు. బంగ్లాదేశ్‌కు చెందిన సిద్దీకుర్ రహ్మాన్. 1984లో మదారీపూర్‌లో పుట్టారు. పేద కుటుంబం. ఢాకాలోని కుర్మిటోలా గోల్ఫ్ క్లబ్బులో చిన్నతనంలోనే బంతులు ఏరే పనికి చేరి, తరువాత కేడీ అయ్యారు. సొంత కర్ర కొనే స్తోమత లేక ఇనుప కడ్డీకి పాత కర్ర తల అతికించుకుని సాధన చేశారని ఆయన గురించి రాసినవారు చెబుతారు.

అమెచ్యూర్‌గా ఎన్నో టైటిళ్ళు గెలిచి 2005లో ప్రొఫెషనల్ అయ్యారు. మరి ఆడేదెక్కడ? గోల్ఫ్ మీద బతికేందుకు తన దేశంలో పోటీలే చాలవు. అందుకే సరిహద్దు దాటి మన దేశపు టూర్‌కు వచ్చారు. ఊరూరా తిరిగి ఆడారు, కొన్ని టైటిళ్ళు గెలిచారు. ఆ సొమ్ముతో, ఆ ధైర్యంతో ఆసియా టూర్ వైపు అడుగు వేశారు. 2010 ఆగస్టు 1న బ్రూనై ఓపెన్‌లో దక్షిణాఫ్రికా ఆటగాడు జెబె క్రూగర్‌తో సమానంగా నిలిచి, అదనపు హోల్స్‌లో నెగ్గారు. ఆసియా టూర్‌లో గెలిచిన మొదటి బంగ్లాదేశీ ఆయనే.

2013 నవంబరులో అలీ షేర్ గెలిచిన ఆ ఢిల్లీ మైదానంలోనే ఇండియన్ ఓపెన్ జరిగింది. ముందంజలో ఉన్న సిద్దీకుర్ చివరి రోజు తడబడ్డారు. వెనక నుంచి అనిర్బన్ లాహిరి, ఎస్.ఎస్.పి.చౌరాసియా తరుముకొచ్చారు. ఒక్క దెబ్బ తేడాతో గట్టెక్కారు. విజేత వాటా 2 లక్షల 25 వేల డాలర్లు. 112 ఏళ్ళ తరువాత గోల్ఫ్ ఒలింపిక్స్‌లోకి తిరిగి వచ్చింది 2016లో, రియోలో. అంతవరకు బంగ్లాదేశ్ క్రీడాకారులంతా ప్రత్యేక ఆహ్వానాల మీద ఒలింపిక్స్‌కు వెళ్ళినవారే. నేరుగా అర్హత సంపాదించిన మొదటివాడు ఈ బంతులు ఏరిన కుర్రవాడు. ప్రారంభోత్సవంలో ఆ దేశపు జెండా ఆయన చేతికే ఇచ్చారు.

ప్రొఫెషనల్ అయిన నాటి నుంచి బ్రూనై దాకా ఐదేళ్ళు పట్టింది. ఈ ఐదు అన్న అంకెను తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోవాలి. అదీ తక్కువే. రాయల్ కలకత్తా క్లబ్బులో పచ్చిక చూసుకునే మాలి కొడుకు చౌరాసియా 1997లో ప్రొఫెషనల్ అయ్యారు. యూరప్ టూర్ స్థాయిలో ఆయన మొదటి గెలుపు 2008లో వచ్చిన ఇండియన్ మాస్టర్స్. అంటే పదకొండేళ్ళు. ఆ తరువాత 2016, 2017 ఇండియన్ ఓపెన్‌లు వరుసగా గెలిచారు. కోల్‌కతాకే చెందిన రాహిల్ గాంగ్జీ 2004లో చైనాలో ఆసియా టూర్ పోటీ గెలిచి, రెండో గెలుపు కోసం 2018లో జపాన్ వెళ్ళేదాకా పద్నాలుగేళ్ళు ఎదురుచూశారు. పెట్టిన పెట్టుబడి మూడో నెలలో తిరిగి వచ్చే కిరాణా కొట్టు కాదిది.

మన తెలుగు మూలాలున్న సాహిత్ తీగల సంగతి కొంత వేరు. తల్లిదండ్రులది హైదరాబాద్, పుట్టింది కాలిఫోర్నియాలో. కాలేజీ జట్టులో ఆడి 2020లో ప్రొఫెషనల్ అయ్యి, మూడేళ్ళకే 2023లో అమెరికా పెద్ద టూర్‌లో గెలిచారు. అక్కడ చదువు, మైదానం, కోచ్ అన్నీ కాలేజీయే ఇస్తుంది. అయినా ఆయన కూడా కింది టూర్ మెట్టెక్కి 2021లో కార్డు సంపాదించుకున్నవారే. కేడీ షెడ్డు నుంచి వచ్చే కుర్రవాడిని ఆయనతో పోల్చి తొందరపెట్టకూడదు.

గేటు దగ్గరి తంటా

ఇంకొక సంగతి. కుర్రవాడు కేడీగా ఉన్నంత కాలం ఏదో ఒక వేళ మైదానంలోకి వెళ్ళగలడు. ప్రొఫెషనల్ అయ్యాక ఆ మైదానం క్లబ్బు సభ్యులది, అతనిది కాదు. సాధన లేకుండా ఆట ఎలా నిలుస్తుంది? ఢిల్లీకి చెందిన రషీద్ ఖాన్ ఉదంతం ఇక్కడ చెప్పాలి. పేద పిల్లలకు గోల్ఫ్ నేర్పే గోల్ఫ్ ఫౌండేషన్ చేయూతతో ఎదిగిన యువకుడాయన. 2010 గ్వాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో రజతం తెచ్చిన భారత జట్టులో ఉన్నారు. 2014లో ఆసియా టూర్‌లో రెండు పోటీలు గెలిచారు. ఒకటి ఢిల్లీ గోల్ఫ్ క్లబ్బులోనే, రెండోది థాయిలాండ్‌లోని చియాంగ్‌మాయ్‌లో. 2019లో పి.జి.టి.ఐ. పట్టికలో మొదటి స్థానం ఆయనది. అంతటి ఆటగాడు 2020లో, తనకూ తోటి ప్రొఫెషనల్స్‌కూ సాధనకు ప్రవేశం దొరకడం లేదని వీధికెక్కి నిరసన తెలపవలసి వచ్చింది. క్లబ్బులకు తమ నియమాలు, తమ వాదన ఉంటాయి. అయినా, దేశంలో మొదటి స్థానంలో ఉన్నవాడి పరిస్థితి ఇదైతే, పట్టికలో ఎనభయ్యో స్థానంలో ఉన్నవాడు ఎక్కడ ఆడాలి? కనుక "గెలుస్తావా?" అని అడిగే ముందు "రోజూ సాధన ఎక్కడ చేస్తావు?" అని కుర్రవాణ్ణి అడగాలి.

సొమ్ము ఎక్కడిది?

ముస్లిం కుటుంబాల్లో మరో ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఇలా ఆడి గెలిచిన డబ్బు హలాలేనా? తేలిగ్గా తీసిపారేసే ప్రశ్న కాదిది. దీనికి జవాబు ఆ సొమ్ము ఎవరి జేబులోంచి వచ్చిందన్న దాని మీద చాలావరకు ఆధారపడి ఉంది. మన దేశపు టూర్‌లో బహుమతి నిధి ప్రధానంగా పోటీని జరిపించే కంపెనీలు, సంస్థలు ఇచ్చేది. ఆటగాడు కట్టే రుసుము దానిముందు చిన్నది. అమెరికాలో చిన్నా చితకా టూర్లు అనేకం ఉన్నాయి. వాటిలో చాలాచోట్ల ఆటగాళ్ళంతా కట్టిన రుసుమునే పోగుచేసి గెలిచినవారికి పంచుతారు. అందరూ డబ్బు వేసి ఒకరు తీసుకుపోయే పద్ధతికీ, మూడో వ్యక్తి ఇచ్చే బహుమతికీ మధ్య ఫిఖా పండితులు మొదటి నుంచీ తేడా చూశారు. మొదటిది జూదానికి దగ్గరవుతుందన్నది వారి ఆందోళన. రెండోదాని విషయంలో కూడా ఏ ఏ ఆటలకు బహుమతి తీసుకోవచ్చన్న దాని మీద భిన్నాభిప్రాయాలున్నాయి. కనుక దరఖాస్తు నింపే ముందే పోటీ నియమాలు చేతపట్టుకుని, నిధి ఎలా సమకూరుతుందో ఉన్నదున్నట్టు వివరించి, తమకు నమ్మకమైన ఆలిమ్‌ను అడగడం మంచిది. గల్ఫ్‌లో ఉన్న మనవారికి కూడా ఇది అవసరం. అరబ్ దేశాల్లో పోటీలు నడిపేందుకు 2011లో మేనా టూర్ అనేది మొదలైంది. అక్కడి ప్రవాసుల పిల్లలకు అది దగ్గరి దారిగా కనిపించింది.

క్లబ్బులో ప్రాక్టీసు ఆటల్లో సరదాకు కాసే పందేల సంగతి వేరు. హోల్‌కు ఇంత అని కాసే ఆ అలవాటు ఎన్నో మైదానాల్లో ఉంది. దానికి ఏ ఆలిమ్‌నూ అడగనక్కరలేదు.

వడ్డీకి అప్పు తెచ్చి కొడుకును టూర్‌కు పంపడం కూడా మేము మెచ్చం. దీని కారణం షరీఅత్ ఒక్కటే కాదు. అప్పులవాడు ప్రతి నెలా వస్తాడు, కట్ ప్రతి నెలా దాటదు. ఒకటి రెండు సీజన్ల ఖర్చు ముందే చేతిలో పెట్టుకుని, అది అయిపోతే ఏం చేయాలో ఇంట్లో అందరూ కూర్చుని ముందే అనుకోవడం నయం.

నమాజు సంగతి తల్లులు అడుగుతారు. మన దేశంలో ఈ పోటీలు చాలావరకు మంగళవారం మొదలై శుక్రవారం ముగుస్తుంటాయి, శని ఆదివారాలు మైదానం సభ్యులకు కావాలి కనుక. ఆట మొదలుపెట్టే వేళను నిర్వాహకులే నిర్ణయిస్తారు. చివరి రోజు పట్టికలో పైనున్నవారిని ఆఖరున పంపుతారు. అంటే కుర్రవాడు ఎంత బాగా ఆడితే శుక్రవారం మధ్యాహ్నం అంత ఖాయంగా మైదానంలో ఉంటాడన్నమాట! ఇల్లు వదిలి దూరం వెళ్ళిన ప్రయాణికుడికి నమాజు, ఉపవాసాల్లో ఉన్న వెసులుబాట్లు ఏమిటో ముందే నేర్పి పంపితే, అక్కడ తనకు తోచినట్టు సర్దుకోవలసిన అవస్థ అతనికి ఉండదు.

మన గడప దగ్గర

హైదరాబాద్‌లో గోల్కొండ నయా ఖిలా గోడల నడుమ, హాతియాన్ కా ఝాడ్ అని మనం పిలుచుకునే ఆ బ్రహ్మాండమైన పాత చెట్టున్న చోట, హైదరాబాద్ గోల్ఫ్ అసోసియేషన్ మైదానం ఉంది. కోటలో గోల్ఫ్ ఏమిటన్న వాదన మనవారిలో ఉంది. అది మరో వారం మాట్లాడుకోవలసిన సంగతి. అక్కడ గోల్కొండ మాస్టర్స్ పేరిట పి.జి.టి.ఐ. పోటీలు జరిగాయి. విశాఖలోని ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బులోనూ ఆ టూర్ ఆటగాళ్ళు ఆడారు. గచ్చిబౌలిలో బౌల్డర్ హిల్స్ ఉంది. పోటీ మన ఊరికే వచ్చిన వారం కుర్రవాణ్ణి తీసుకెళ్ళి, మొదటి రోజో రెండో రోజో చూపించడం మేలు. విజేతను కాదు, రెండో రోజు సాయంత్రం స్కోరు పలక దగ్గర నిలబడి గీత ఎక్కడ పడుతుందా అని చూసే ముఖాలను చూపించాలి. అప్పటికీ ఆడతానంటే అతని మాటలో దమ్ముందన్నమాట.

అందరూ ఆసియా, యూరప్ దాకా వెళ్ళకపోవచ్చు. అయినా ఈ చిన్న టూర్ మీదే నిండు జీవితం గడిపినవారున్నారు. మధ్యప్రదేశ్‌లోని మహూకు చెందిన ముఖేష్ కుమార్ మన దేశంలోనే ఆడుతూ 120కి పైగా టైటిళ్ళు గెలిచారు. ఆసియా టూర్‌లో ఆయన మొదటి గెలుపు 2016 డిసెంబరులో, 51వ ఏట, ఢిల్లీలో జరిగిన పానసోనిక్ ఓపెన్‌లో వచ్చింది.

ఆట ఉండి, కార్డు రాని కుర్రవాడికి మరో దారి కూడా ఉంది. గోల్ఫ్ నేర్పే కోచ్‌లకు శిక్షణ, పరీక్ష, పట్టా ఇచ్చే నేషనల్ గోల్ఫ్ అకాడమీ ఉంది. క్లబ్బుల్లో, ప్రాక్టీసు మైదానాల్లో ఆ పట్టాకు విలువుంటుంది. ఇంటర్ దాకానైనా చదివి, నలుగురితో మాట్లాడగలిగే కుర్రవాడికి ఈ పరీక్ష కష్టం కాదు. పొద్దున్నే సభ్యుల పిల్లలకు పాఠం చెప్పి, ఆ ఫీజుతో ఇల్లు నడుపుకుంటూ, సాయంత్రం తన బంతులు తాను కొట్టుకుని, మరుసటి ఏడాది మళ్ళీ స్కూలుకు పేరు కట్టుకోవచ్చు.